ఎక్కడికి అని అడగని యంత్రం

సత్యారావు ఇంట్లో గడప దాటే మనిషిని "ఎక్కడికి?" అని అడిగితే వీపు విమానం మోత మోగేది. ఆ ఒక్క ఇంటి సంగతే కాదు, చోడవరంలో ఏ గుమ్మం దగ్గరైనా అదే తంతు. ఎక్కడికి అన్నామా, వెళ్లే పని అక్కడికక్కడే చెడిందన్నమాట. వెళ్లేవాడు చెప్పులు విడిచి, మళ్లీ లోపలికొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరాలి. తెలుసుకోకపోతే తోచదనుకుంటే "దూరమా?" అని అడగాలి. దానికి జవాబు కూడా ఏనాడో ఖాయమైపోయింది: "అబ్బే, దగ్గరే." కాశీకి వెళ్లేవాడు కూడా దగ్గరే అంటాడు. అది అబద్ధం కిందికి రాదు, మర్యాద కిందికి వస్తుంది. మన మర్యాదలు ఎంత ముద్దుగా ఉంటాయో అంత ప్రమాదంగానూ ఉంటాయి. కాకపోతే ఆ సంగతి ప్రమాదం జరిగాక గాని మనకి తెలీదు.

సంధ్యారాణి చిన్నప్పుడు ఒకసారి నోరు జారి అడిగేసింది. అప్పట్లో వాళ్ల నాన్న సత్యారావు గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలే లారీ నడిపేవాడు. తల్లి దేముడమ్మ చేతిలో ఏముంటే దానితో ఒకటిచ్చేది. ఆ రోజు అట్లకాడ ఉంది. పిల్ల ఏడుపు విని సత్యారావు వెనక్కొచ్చి, కూతుర్ని ఎత్తుకుని, "ఎల్లేటప్పుడు అడక్కూడదు గానీ, వచ్చేక అడగొచ్చే. వచ్చేక నీకంతా సెప్తాను గదా" అని ఊరుకోబెట్టాడు.

అన్నట్టే చెప్పేవాడు. పనినుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద సుద్దముక్కతో తను తిరిగిన దారంతా గీసేవాడు. ఇది వడ్డాది, ఇక్కడ మలుపు, ఇక్కడ టైరు పంచరైంది, ఇక్కడొక ముసలమ్మ చింతకాయలిచ్చింది. పక్కింటివాళ్లు ముగ్గులేస్తే వీళ్లింటి ముందు రోడ్లుండేవి. నాన్న వెళ్లేటప్పుడు ఎక్కడికో తెలీని బెంగ, వచ్చాక గీతల్లో చూసుకునే నిబ్బరం, ఈ రెండిటి మధ్యా పెరిగిందా పిల్ల. పెరిగి, లెక్కల్లో రాణించి, విశాఖపట్నంలో ఇంజనీరింగు చదివి, అక్కడే పరిశోధనలో చేరింది. ఏం పరిశోధన అని బంధువులు అడిగితే సత్యారావు మీసం దువ్వి మరీ చెప్పేవాడు. "బండి ఎక్కడుందో ఇంట్లో కూకుని సెప్పేసే మిషనురా. మా గుంట కడతంది." ఆ వైపు గుంట అంటే ఆడపిల్ల.

అవి తొంభైల చివరి రోజులు. ఆకాశంలో తిరిగే అమెరికావాళ్ల ఉపగ్రహాల సంకేతాలు పట్టుకునే పెట్టె ఒకటి బండిలో పెడితే, బండి భూమ్మీద ఎక్కడుందో అది లెక్కగట్టి చెప్పేది. చెప్పేది అంటే, దానికి బుద్ధి పుట్టినప్పుడు. మామూలు జనానికి అందే సంకేతంలో ఆ దేశంవాళ్లు కావాలనే కొంత తప్పు కలిపేవారు. అందుకని వీధిలో ఉన్న జీపు చెరువులో మునిగినట్టు కనిపించేది. పైగా కొండల మధ్యకి వెళ్తే సంకేతం అందదు. ఒత్తుగా ఉన్న తోటల కింద అందదు. పెట్టె నుంచి ఆఫీసుకి కబురు మోసే రేడియో గట్టిగా ఉరిమితే చాలు, మూగబోతుంది. అంటే బండి జాడ ఎప్పుడు బాగా కావాలో సరిగ్గా అప్పుడే ఈ సరంజామా అంతా చేతులెత్తేస్తుంది.

సంధ్యారాణి పట్టుకున్నది ఆ తలనొప్పినే. సంకేతం పోయినా, రేడియో పోయినా, బండి ఎటు వెళ్తుంటుందో ఊహించగల ప్రోగ్రాం ఒకటి రాసింది. దాన్ని ఆమె గైడు గణపతిరావు గారు ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనేవారు. దానికి సూత్రాలు నూరిపోయరు. ఈ బండి ఈ డ్రైవరుతో ఈ రోజున ఈ దారిన వెళ్లింది, వాన పడితే ఇక్కడ ఆగింది, అని కుప్పలు తెప్పలుగా ఉదాహరణలు చూపిస్తారు. చూసీ చూసీ అదే నేర్చుకుంటుంది, పసిపిల్ల మాట నేర్చినట్టు.

ఉదాహరణల కోసం వేరే ఊరు వెతుక్కోనక్కర్లేకపోయింది. చోడవరంలో ఒక సేవాసంఘం ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రోగుల్నీ పురిటి మనుషుల్నీ ఆసుపత్రికి చేర్చే జీపులు నడిపేది. లారీ మానేశాక సత్యారావు చేరింది అందులోనే. జీపులన్నిటికీ పెట్టెలు బిగించారు. షెడ్డు పక్క గదిలో కంప్యూటరు, రేడియో పెట్టారు. గది పైన ఇనప స్తంభం ఎత్తి యాంటెన్నా కట్టారు. రేడియో చూసుకోవడానికి అనకాపల్లి నుంచి సర్ఫరాజ్ అనే కుర్రాడొచ్చాడు. నెమ్మదస్తుడు, సత్యారావుని బాబాయి అని పిలిచేవాడు.

అంతా బాగానే ఉంది గానీ, అసలు గొడవ పెట్టె అడిగే ప్రశ్న దగ్గర వచ్చింది. బండి బయల్దేరేటప్పుడు గమ్యం తెలిస్తే ప్రోగ్రాం ఊహ పదునుగా ఉంటుంది. అందుకని జీపు స్టార్టు చెయ్యగానే పెట్టె మీద ఇంగ్లీషు అక్షరాల్లో "ఎక్కడికి?" అని మెరిసేది. డ్రైవరు ఊరి నంబరు నొక్కాలి.

డ్రైవర్లు భగ్గుమన్నారు. అందరికంటే ముందు భగ్గుమన్నవాడు సత్యారావు.

"ఏటమ్మా ఇది? కట్టుకున్న పెళ్లామే అడగని మాట నీ డబ్బా అడుగుతాదేటి? ఎదురుగా పిల్లి వచ్చినా నయం!"

నొక్కమన్నందుకు అందరూ మొదటి నంబరు నొక్కి పారేశారు. మొదటి నంబరు చోడవరం. చోడవరం నుంచి చోడవరానికి ప్రయాణాలు. నెల తిరిగేసరికి ప్రోగ్రాం నేర్చుకున్నదేమిటంటే, ఈ ఊరి జీపులు ఎక్కడికీ వెళ్లవని.

"మూఢనమ్మకాలకి ఇంజనీరింగులో చోటేమిటమ్మా? నొక్కకపోతే జీతం కట్ అని చెప్పండి," అన్నారు గణపతిరావు గారు. ఆయనది కాకినాడ. అక్కడ మాత్రం గుమ్మంలో ఎక్కడికి అంటారా ఏమిటి? కాని ప్రొఫెసరు అయ్యాక మనిషికి ఇంట్లో పద్ధతి వేరు, లాబులో పద్ధతి వేరు.

సంధ్యారాణి మాత్రం నాన్నని తప్పు పట్టలేకపోయింది. అట్లకాడ దెబ్బ తిన్న వీపు కదా. ఆలోచించి ఆ ప్రశ్న తీసేసింది. దాని చోట "దూరమా?" అని పెట్టింది. కింద రెండే మీటలు. దూరమైతే ఎర్ర మీట, దగ్గరైతే పచ్చ మీట. ఎర్రది నొక్కితే దేవరాపల్లి అవతలి కొండవాలు ఊళ్లు, పచ్చది నొక్కితే గోవాడ చుట్టుపట్ల ఊళ్లు. ఏ ఊరన్నది డ్రైవరు అలవాట్లని బట్టి ప్రోగ్రామే చూసుకుంటుంది.

మొదటి రోజు ఆ మాట చూసి సత్యారావు పకపకా నవ్వాడు. "ఇదీ మాటంటే! ఇప్పుడు నీ డబ్బా మన ఊరి గుంటైంది."

"దానికి కూడా అందరికీ సెప్పినట్టు దగ్గరే అని సెప్పేవు నాన్నా. నా లెక్కలన్నీ మట్టిగొట్టుకుపోతాయి."

"డబ్బాకి మర్యాదేటి? మనుషులైతే బెంగెట్టుకుంటారని దగ్గరంటాం గానీ, దానికి బెంగా పాడా? దానికి నిజమే సెప్తాను."

అందరూ నిజమే నొక్కారు. ప్రోగ్రాం దివ్యంగా నేర్చుకుంది. పరీక్ష కోసం కావాలని యాంటెన్నా తీగ పీకేసి జీపుని పంపేవారు. గదిలో తెర మీద చుక్క ఒకటి తనంతట తాను రోడ్ల వెంట నడుచుకుంటూ పోయేది. చుక్క చుట్టూ సున్నా ఉండేది. ప్రోగ్రాముకి నమ్మకం ఎక్కువైతే సున్నా చిన్నదవుతుంది, సందేహముంటే పెద్దదవుతుంది. జీపు తిరిగొచ్చాక పోల్చి చూస్తే నిజం దాదాపు ఎప్పుడూ సున్నాలోనే పడేది. గణపతిరావు గారు "ఆ దూరమా అన్న ప్రశ్న ఉంది చూశావా, అది మాస్టర్ స్ట్రోక్," అని అందరి ముందూ మెచ్చుకున్నారు. జీతం కట్ అన్న సంగతి ఆయనకి గుర్తులేదు, ఆమె గుర్తుచెయ్యనూ లేదు.

ఆ ఏడు వానాకాలంలో సత్యారావుకి గుండెల్లో నొప్పొచ్చింది. పెద్దది కాదన్నారు డాక్టరు. మందులిచ్చి, కొండదారుల్లో గంటల తరబడి బండి తోలొద్దన్నారు. ఉద్యోగం మానెయ్యమని దేముడమ్మ పోరింది. మానేస్తే చచ్చిపోతానన్నాడు. చివరికి తల్లీకూతుళ్లు ఒక రాజీకి వచ్చారు: బండి తోలొచ్చు, దూరాలు మాత్రం వెళ్లకూడదు. సత్యారావు బుద్ధిమంతుడిలా తలూపాడు. తలూపడంలో ఆయన్ని మించినవాడు లేడు.

కార్తీకం వెళ్లేవేళ వాయుగుండం పట్టింది. రెండు రోజులుగా ఎడతెరిపి లేని వాన. సంధ్యారాణి విశాఖపట్నం నుంచి పనిగట్టుకుని వచ్చి రేడియో గదిలో కూర్చుంది. ఆమె కట్టిన ప్రోగ్రాం ఇలాంటి రోజు కోసమే. లోపల్లోపల కాస్త ఉబలాటంగా కూడా ఉంది, ఆ మాట దాచి లాభం లేదు.

ఆ పొద్దున షెడ్డులో ఉన్నది సత్యారావు ఒక్కడే. మిగతా జీపులు అప్పటికే బయటున్నాయి. తడిసి ముద్దయిన ముసలాయన ఒకడు గోనెసంచి కప్పుకుని వచ్చి సత్యారావుతో ఏదో చెప్పుకున్నాడు. ఆయన పేరు పైడయ్య. దేవరాపల్లి దాటి, గెడ్డ అని పిలిచే కొండవాగుకి అవతల ఊరు. కోడలికి రాత్రి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. ఇవన్నీ సంధ్యారాణికి తర్వాత తెలిసిన సంగతులు. అప్పటికి ఆమెకి కిటికీలోంచి కనిపించింది, నాన్న ఎవరినో జీపు ఎక్కిస్తున్నాడని మాత్రమే. ఆసుపత్రి నుంచి ఇంటికి పోయే రోగి అనుకుంది.

గొడుగు వేసుకుని జీపు దగ్గరికి వెళ్లింది. దేముడమ్మ మొగుడికి అన్నం క్యారేజీ అందిస్తోంది. ఇంజను స్టార్టయింది. పెట్టె మీద "దూరమా?" అని మెరిసింది. సత్యారావు వేలు మీటల దాకా వెళ్లింది. సరిగ్గా అప్పుడే కూతురు తలుపు పట్టుకుని వంగి, అదే మాట అడిగింది.

"దూరమా నాన్నా?"

సత్యారావు కూతురి మొహంలోకి చూశాడు. వాన నీళ్లు కారుతున్న మొహం, నొప్పొచ్చిన నాటి నుంచీ తన వెంటే తిరుగుతున్న కళ్లు.

"దగ్గరేనమ్మా. ఈ పెద్దాయన్ని దించేసి బేగి వచ్చేస్తాను," అన్నాడు. కూతురు చూస్తూ ఉండగా పచ్చ మీట నొక్కాడు.

ఇంకేం చేస్తాడు? నోటితో దగ్గర అని, కూతురి కళ్లెదుట వేలితో దూరం నొక్కడానికి ఏ తండ్రికి చేతులొస్తాయి? డబ్బాకి బెంగ లేదు, నిజమే. కాని ఆ క్షణాన డబ్బా ముందు కూతురుంది.

సంధ్యారాణికి ఏదో అనుమానం తగిలింది. గోవాడ మనిషి ఇంత వానలో ఇంత పొద్దున్నే ఎందుకొస్తాడు? ఎక్కడికి నాన్నా అని అడగబోయింది. పెదవి కదలడం దేముడమ్మ చూసింది.

"ఏటే ఆ సూపు? ఎల్లే మనిషిని అడక్కు," అంది.

అడగలేదు. జీపు వెళ్లిపోయింది.

జీపు ఊరు దాటక ముందే పెద్ద గాలి వచ్చింది. గది పైన స్తంభం మెలి తిరిగి, యాంటెన్నాతో సహా షెడ్డు రేకుల మీద పడింది. రేడియో మూగబోయింది. టెలిఫోను పొద్దుటి నుంచే లేదు. సర్ఫరాజ్ వానలో పైకెక్కి వెదురు గెడకి తీగ కట్టి చూశాడు, గాలి దాన్నీ ఉంచలేదు. బ్యాటరీ మీద కంప్యూటరు మాత్రం నడుస్తోంది.

"భయం లేదు," అంది సంధ్యారాణి. "ఇప్పుడే గదా దీని పని."

తెర మీద చుక్క గోవాడ రోడ్డు పట్టింది. వానలో సత్యారావు ఎంత నిదానంగా తోలతాడో అంత నిదానంగా పోయింది. గుంతలున్న చోట నెమ్మదించింది. వాన పడితే ఆయన తప్పకుండా ఆగే టీకొట్టు ఒకటుంది, సరిగ్గా అక్కడికి వెళ్లి ఆగింది. సున్నా చిన్నదై చుక్కకి గాజులా అతుక్కుంది.

"సూసేవా సర్ఫరాజ్, నాన్న టీ తాగుతన్నాడు," అని నవ్వింది.

సర్ఫరాజ్ కూడా నవ్వాడు. వాళ్లు నవ్విన ఆ వేళకి సత్యారావు జీపు దేవరాపల్లి అవతల గెడ్డ మీద చప్టా నడిమధ్యన ఆగిపోయి ఉంది. వాన లేని రోజుల్లో పిల్లలు దాని మీద గోళీలాడతారు, అంత తక్కువ ఎత్తు వంతెన. సత్యారావు జీపుని దాని మీదికి దించేటప్పటికి నీళ్లు పాదం లోతున ఉన్నాయి. సగం దాటేసరికి చక్రాలు మునిగాయి. ఇంజను ఆగిపోయింది.

మధ్యాహ్నం దాటింది. చుక్క టీకొట్టు దగ్గర్నుంచి కదిలి, పక్క ఊరికి వెళ్లి, తిరుగుదారి పట్టి, చోడవరం వచ్చేసింది. జీపు రాలేదు. సంధ్యారాణి రెండుసార్లు రోడ్డు దాకా వెళ్లి చూసొచ్చింది. పైకి మాత్రం "బండి దిగబడి ఉంటాది, చెరకు తోటల్లో అంతా బురద గదా," అంది. ఊళ్లో ఒక రైతు ట్రాక్టరిచ్చాడు, మనుషులూ తాళ్లూ సిద్ధమయ్యారు. ఒక్కటే ట్రాక్టరు. ఎటు పంపాలి?

సర్ఫరాజ్ గొంతు తగ్గించి అన్నాడు. "మేడమ్, వాన పడితే పిలుపులన్నీ దేవరాపల్లి అవతల నుంచే వస్తాయి. బాబాయి అటెళ్లేడేమో. ఓసారి గెడ్డల వైపు సూడమందారా?"

సంధ్యారాణి తెర వైపు చూసింది. ఇన్నాళ్ల కష్టం అక్కడ సున్నా చుట్టుకుని కూర్చుంది.

"నాన్న నాతో దగ్గరని సెప్పేడు. పెట్టెకీ అదే సెప్పేడు. అటెందుకెల్తాడు?"

సర్ఫరాజ్ ట్రాక్టరు వాళ్లకి ఆ మాటే చెప్పడానికి బయటికెళ్లాడు. ఆమె కూతురు, ఆమె ఇంజనీరు. రెండు విధాలా ఆమెకే తెలియాలి. ట్రాక్టరు గోవాడ వైపు వెళ్లింది.

టీకొట్టు మూసి ఉంది. చెరకు తోటల డొంకలన్నీ తిరిగారు, ఊరూరా అడిగారు. పొద్దు వాలేవేళకి ట్రాక్టరు ఉత్త చేతులతో తిరిగొచ్చింది. అప్పుడు దేవరాపల్లి దారి పట్టారు గాని, అప్పటికి ఆ రోడ్డే నీళ్ల కిందకి వెళ్లిపోయింది. జీపు మర్నాడు దొరికింది. సత్యారావు దానికి చాలా దిగువన, తుమ్మ పొదల్లో దొరికాడు.

చితి దగ్గర సంధ్యారాణి ఏడవలేదు. చుట్టాలు అది చూసి చెవులు కొరుక్కున్నారు, చదువుకున్న పిల్ల గదా అన్నారు. వాళ్ల నోళ్లకి తాళాల్లేవు, మనమేం చేస్తాం. దేముడమ్మ మాత్రం ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, "అడగనిచ్చేను కాదే, అడగనిచ్చేను కాదే" అని అదే మాట గొణిగేది. కూతురు తల్లిని పట్టుకుని కూర్చునేది గానీ, నీ తప్పు కాదమ్మా అనడానికి ఆమెకి నోరు రాలేదు. అంటే మరి ఎవరిది అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు తన దగ్గరుంది.

గణపతిరావు గారు వచ్చి, అరుగు మీద కూర్చుని వెళ్లారు. మంచి మనిషి. పెట్టె అడిగే ఆ ప్రశ్న ఊసు ఎత్తలేదు.

సంధ్యారాణే ఎత్తుకుంది. ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా షెడ్డుకి వెళ్లి, కంప్యూటరు పెట్టి, ఆ రోజుటి ప్రయాణాన్ని ప్రోగ్రాముకి మళ్లీ ఇచ్చింది. అదే పొద్దు, అదే వాన, అదే డ్రైవరు. ఒక్కటే మార్చింది. పచ్చ మీట చోట ఎర్ర మీట పెట్టింది.

చుక్క ఊరు దాటింది. గోవాడ వైపు చూడనైనా చూడలేదు. దేవరాపల్లి రోడ్డెక్కి, వానలో నిదానంగా, గుంతల దగ్గర ఇంకా నిదానంగా వెళ్లి, ఊరు దాటి, గెడ్డ దగ్గర నెమ్మదించింది. సున్నా కొంచెం పెద్దదే. అయినా ఆ సున్నాలో చప్టా ఉంది. సర్ఫరాజ్ వెనక నిలబడి చూస్తున్నాడని ఆమెకి తెలీదు. "చాలు మేడమ్, ఆపేయండి," అని అతనే స్విచ్చి తీసేశాడు.

యంత్రం తప్పు చెయ్యలేదు. అదే తప్పు చేసి ఉంటే ఎంత బాగుండును! ఏ వైరు మీదో, ఏ లెక్క మీదో, అమెరికావాడి మీదో తోసేసి ఏడ్చి ఊరుకోవచ్చు. అది తనకి నేర్పిందంతా బుద్ధిగా నేర్చుకుంది. ఈ ఊళ్లో ప్రేమ ఉన్నచోట జనం నిజం చెప్పరన్న ఒక్క సంగతే దానికెవరూ నేర్పలేదు. నేర్పవలసిన మనిషికి ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలుసు.

కర్మకాండలు అయిపోయాయి. చుట్టాలు సర్దుకున్నారు. అప్పుడొచ్చాడు పైడయ్య. జ్వరం పడి లేచాడట, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. గుమ్మం బయటే నిలబడిపోయి, లోపలికి రమ్మంటే అరుగు చివర నేల మీద కూర్చున్నాడు. దేముడమ్మ మజ్జిగిచ్చింది. గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేకపోయాడు.

"నానే తల్లీ ఆయన్ని తీసుకెల్లింది. నాను రాకపోతే ఆ బాబు బతికుండీవోడు," అన్నాడు.

"నీ కోడలు?" అంది దేముడమ్మ.

"బతికిందమ్మా. మేం గెడ్డ కాడ ఉండగానే బిడ్డ తనంతట తనే తిరిగి, ఇంటికాడ పురుడొచ్చేసింది. పిల్లా తల్లీ బాగున్నారు." ఆ మాట చెప్పడానికి సిగ్గుపడినట్టు తల వంచుకున్నాడు.

సంధ్యారాణి ఆయనకి ఎదురుగా కూర్చుంది. "అక్కడ ఏటయిందో సెప్పండి," అంది.

"బండి ఆగిపోయింది. అవతలొడ్డు నుంచి మావోళ్లు తాడేసేరు. ముందు నన్నెక్కించేడు ఆ బాబే. నడుంకి తనే కట్టేడు. నాను ఒడ్డెక్కేక తాడు మల్లీ ఏసేం. అందింది కూడా. రా బాబూ, రా బాబూ అని అరుత్తన్నాం. 'వస్తాను, ఒక్క పనుంది' అని బండిలోనే ఉండిపోయేడు. నీల్లు సీటు దాకా ఎక్కేయి. సూస్తే ఏటుంది? ఆ డబ్బా లేదూ, దాని ఎర్ర మీట నొక్కతన్నాడు. నొక్కడం, సూడ్డం. నొక్కడం, సూడ్డం."

పైడయ్య గ్లాసు పక్కన పెట్టాడు.

"ఏటి బాబూ అది, బేగి రావయ్యా అంటే, ఏటన్నాడో తెలుసా తల్లీ? 'పొద్దున్న మా గుంటకి అబద్ధం సెప్పేను. దగ్గరన్నాను. పిచ్చిది, దగ్గరే ఎతుక్కుంటాది. ఏ ట్రాక్టరో అటు పంపేస్తే ఇక్కడ పురిటి మనిషి గతేటి? నిజం సెప్పేసి వచ్చేస్తాను. ఈ దీపం ఎలిగితే దానికి ముట్టినట్టు. ఎలగ్గానే వచ్చేస్తాను' అన్నాడు."

పెట్టె మూల చిన్న పచ్చ దీపం ఉంటుంది. డ్రైవరు పంపిన కబురు గదిలో రేడియోకి అందితే, ఇక్కణ్ణుంచి తిరుగు సంకేతం వెళ్లి అది వెలుగుతుంది. కబురు అందిందో లేదో డ్రైవర్లు బెంగపడకుండా ఉండాలని సంధ్యారాణి ఎంతో ముచ్చటపడి పెట్టించిన దీపం. ఆయన నొక్కుతున్న వేళకి ఇక్కడ యాంటెన్నా రేకుల మీద పడి ఉంది. నాన్న కూర్చున్నాడు, నీళ్లలో, చేతికందిన తాడు వదిలేసి, అబద్ధం దిద్దుకోవడానికి. తను అదే వేళకి ఇక్కడ తెర ముందు కూర్చుని, టీ తాగుతున్నాడని నవ్వింది.

ఆమె పైడయ్య వైపు వంగి అడిగింది.

"దీపం ఎలిగిందా?"

పైడయ్య తలెత్తాడు. ఆమెని చూశాడు. పక్కన స్తంభానికి చేరబడి వింటున్న దేముడమ్మని చూశాడు. ఎనభై ఏళ్లు ఈ నేల మీద బతికిన మనిషి. ఎవరికేం చెప్పాలో ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

"ఎలిగిందమ్మా," అన్నాడు. "ఎలిగింది. అది సూసి నవ్వేడు కూడా. ముట్టింది మా గుంటకి అన్నాడు. తాడు అందుకుందారని లేచేడు. అప్పుడే పెద్ద ఏరొచ్చేసింది."

దేముడమ్మ రెండు చేతులూ జోడించి, "సాలు బాబూ, నీకు పున్నెముంటాది," అంది. నాలుగు వారాలుగా బిగుసుకున్న ఆ మొహంలో ఏదో కాస్త వదులైంది.

ఆ దీపం వెలగదు. వెలిగే దారి లేదు. ఆ సంగతి సంధ్యారాణికి తెలిసినంత కచ్చితంగా ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలీదు. పైడయ్య కళ్లు ఆమె మీదే ఉన్నాయి, ఒప్పుకోమన్నట్టు, తల్లి కోసమైనా ఒప్పుకోమన్నట్టు.

"అవునమ్మా," అంది తల్లితో. "ముట్టింది నాకు."

ఆ మాట అన్నాక ఇక ఆగలేదు. ముసలాయన ముందే, నేల మీద, నాన్న దారులు గీసిన ఆ అరుగు మీద మొహం పెట్టి, ఊరంతా వినిపించేలా ఏడ్చింది.